చిటపటలాడని ఆవాలు

మా దేశంలో అణు రియాక్టరు లేదు. కట్టే సూచనలూ లేవు. యాంగోన్‌లో కరెంటే రోజులో సగం ఉండదు. అలాంటి ఊళ్ళో కూర్చుని నేను పదకొండేళ్ళపాటు అణు ఇంధనపు గుళికలకి కర్బనం పూత ఎలా వెయ్యాలో పరిశోధించాను. అణు విద్యుత్తు గురించి కొవ్వొత్తి వెలుగులో చదువుకున్న మనిషిని ప్రపంచం మొత్తం మీద నేనొక్కణ్ణేనని నా నమ్మకం. ఇంకెవరైనా ఉంటే ముందుకొచ్చి చెప్పొచ్చు. కానీ నాకంటే ఎక్కువ కొవ్వొత్తులు కాల్చి ఉండరు.

ఇంధనం అనగానే జనం బొగ్గుల బస్తాని ఊహించుకుంటారు. ఇది గసగసాల గింజంత ఉంటుంది. నడిమధ్య యురేనియం. దాని చుట్టూ ముందు ఒక మెత్తటి కర్బనం పొర, మసిలాంటిది, గుల్లగా ఉంటుంది. దాని మీద గట్టి పొర, అద్దంలా మెరుస్తుంది. అసలు గుళికలకి ఆపైన ఇంకా రెండు పొరలుంటాయి గాని నా కొలిమికీ నా హోదాకీ రెండే అందాయి. రియాక్టరులో లోపలి గింజ ఉబ్బుతుంది, వాయువులు కక్కుతుంది. మెత్తటి పొర వాటికి చోటిస్తుంది, గట్టి పొర వాటిని బయటికి పోనివ్వదు. విద్య అంతే. మిగతా రెండొందల పేజీలూ నా పాండిత్యం.

నాకు యురేనియం ఎవరిస్తారు? ఉల్లిపాయలు అరువిచ్చే కొట్టువాడే రెండుసార్లు ఆలోచిస్తాడు. అందుకని దాని బదులు జిర్కోనియా అనే పింగాణీ జాతి గుళ్ళు వాడేవాణ్ణి. పరమ సాధువులు. మింగినా ఏమీ చెయ్యవు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

పని చేసే తీరు ఇది. నిలువుగా ఒక గొట్టం, దాని చుట్టూ కొలిమి. అడుగు నుంచి వాయువు ఊదితే, గుళ్ళు మూకుట్లో పేలాల్లా ఎగురుతూ ఉంటాయి. పదమూడు వందల డిగ్రీల వేడిలో ఆ వాయువు విరిగి, అందులోని కర్బనం గుళ్ళకి పట్టుకుంటుంది. అన్ని వైపులా సమంగా పట్టాలంటే గుళ్ళు ఎగరడం ఆగకూడదు, వేడి పడిపోకూడదు. మధ్యలో కరెంటు పోయిందా, గుళ్ళు కూలబడతాయి, పూత బీటలిస్తుంది. ఎన్నిసార్లు బీటలిచ్చిందో చెప్పను. చెబితే మా ఊరి విద్యుత్ శాఖ వాళ్ళు నొచ్చుకుంటారు.

పదకొండేళ్ళలో ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, పొద్దున్న నుంచి సాయంత్రం దాకా కరెంటు పోలేదు. ఏ మంత్రిగారింట్లో పెళ్ళో మరి. ఆ రోజు తయారైన గుళ్ళు ఒక్కటీ పగల్లేదు. నల్లగా, గుండ్రంగా, తళతళలాడుతూ, అచ్చం చిన్నావాలు. వాటిని చూసి ఏడ్చానంటే అతిశయోక్తి అవుతుంది. కళ్ళజోడు తుడుచుకున్నాను, నాలుగుసార్లు.

నాకు దారి చూపించే మాస్టారమ్మని సయామ అనేవాణ్ణి. బర్మాలో పంతులమ్మలందర్నీ అలాగే అంటారు. నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను మాత్రం పదేళ్ళ పిల్లాడిలా చూసేది. "పగలని గుళ్ళు ఒక చెంచాడు తీసుకురండి. అడ్డంగా కోసి పొరలు చూస్తాను. బాగుంటే సంతకం పెడతాను," అంది. ఆ సంతకం పడితే నాకు పట్టా. పట్టా వస్తే యాభయ్యొకటో ఏట నేను ప్రయోగశాలలో గాజు సామాన్లు కడిగే డిమాన్‌స్ట్రేటర్ని కాకుండా ఇంకేదో అవుతాను.

సయామ కోసేలోగా సైన్యం దేశాన్ని ఎత్తుకుపోయింది.

ప్రభుత్వోద్యోగులు పని మానేశారు. మేమూ మానేశాం. వీరగాథ చెప్పుకోడానికేం లేదు, నా సమ్మె అంతా లుంగీ కట్టుకుని ఇంట్లో కూర్చోవడమే. ప్రయోగశాల గేటు దగ్గర ఒక రిజిస్టరు పెట్టారు. అందులో సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది, లోపలికి పోవచ్చు, కొలిమి ముట్టుకోవచ్చు. పెట్టకపోతే అన్నిటికీ స్వస్తి. నేను పెట్టలేదు. సయామ కూడా పెట్టలేదు, కొండల్లో వాళ్ళక్కగారి ఊరికి వెళ్ళిపోయింది. పోతూ పోతూ ఒక్క మాట చెప్పింది: "ఆ చెంచాడు గుళ్ళు జాగ్రత్త. ఎప్పటికైనా చూస్తాను."

అప్పటికే ఆ గుళ్ళున్న సీసా నా జేబులో ఉంది. దాన్ని దొంగతనమంటారో రక్షణ అంటారో మీ ఇష్టం. అది పోతే మళ్ళీ చెయ్యడానికి కొలిమి లేదు, వాయువు లేదు, కరెంటు పోని రోజు ఇంకోటి నా ఆయుష్షులో వస్తుందన్న ఆశ లేదు. ఈ లోకంలోకి వచ్చినందుకు నేను చూపించుకోగలిగిందల్లా చెంచాన్నర నల్లగుళ్ళు.

ఇంతలో ఇంటింటి సోదాలు మొదలయ్యాయి. సీసా మీద సయామ ముత్యాల్లాంటి రాతలో 'అణు ఇంధన గుళికలు, నమూనా' అని రాసిపెట్టింది. తుపాకీ ఉన్న మనిషి ఎదురుగా నిలబడి "అయ్యా, ఇందులో అణువూ లేదు, ఇంధనమూ లేదు" అని నేను నచ్చజెప్పడం ఊహించుకున్నాను. ఊహలోనే నాకు పాతికేళ్ళ శిక్ష పడింది. వెంటనే గుళ్ళని మా అమ్మ వాడిన పాత ఖాళీ గాజుసీసాలోకి ఒంపాను. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయినా దాని మీద ఆవిడ అంటించిన కాగితం ఇంకా ఊడలేదు. తెలుగులో ఒకటే మాట: ఆవాలు.

మర్నాటి మధ్యాహ్నం నిజంగానే వచ్చారు. వార్డు గుమాస్తా, వెనక ఒక కుర్ర సైనికుడు. ఆ కుర్రవాడు వంటింట్లో అన్నీ వదిలేసి సరిగ్గా ఆ సీసానే ఎత్తాడు. ఊపాడు.

"ఇదేమిటి?"

"ఆవాలు. మా వాళ్ళు ప్రతి కూరలోనూ వేస్తారు."

"ఇంత బరువుందేం?"

"మంచి రకం."

అతను నన్ను చూశాడు, సీసాని చూశాడు, మా రెండింట్లో దేనికీ విలువ లేదని తేల్చుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నాకు నేను గొప్ప మేధావిలా కనిపించాను. ఎవరికైనా చెప్పుకుందామంటే ఇంట్లో కుర్చీ ఒకటే ఉంది. దానికే చెప్పాను.

నవ్వకండి. ఆ నెలల్లో నేను మాట్లాడిన మాటలు చాలావరకు ఆ కుర్చీకే. మొదట్లో అలా లేదు. రోజూ సాయంత్రం ఎనిమిదింటికి ఊరు ఊరంతా గిన్నెలూ తప్పేలాలూ వాయించేది, దేశాన్ని పట్టిన దయ్యాన్ని తోలడానికి. నేనూ అన్నం వార్చే గిన్నె పట్టుకుని అయిదో అంతస్తు వరండాలో నిలబడి వాయించేవాణ్ణి. వాయించి వాయించి దాని అడుగు సొట్టపడి ఇప్పటికీ పొయ్యి మీద నిలవదు. ఆ మోతలో అయినా నేను జనంలో ఉన్నట్టుండేది. తర్వాత మోతకి తుపాకులు జవాబివ్వడం మొదలుపెట్టాయి. గిన్నెలు ఇళ్ళల్లోకి వెళ్ళిపోయాయి. ఇంటర్నెట్టు ఆపేశారు. ఆ వెనకే ఊరి మీదికి మహమ్మారి జబ్బు వచ్చింది. రేవు నుంచి నది అవతలి దలాకి వెళ్ళే పడవ కూత కూడా వినపడడం మానేసింది. మా తాత సేక్కాన్ రేవులో బియ్యం బస్తాలు మోయడానికి వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో ఆ కూత వినిపిస్తూనే ఉంది. మా అమ్మ లెక్కన బర్మా బియ్యంలో సగం ఆయన వీపు మీదే ఓడ ఎక్కింది. ఆయన వచ్చిన ఊరు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని చెబితే ఆయన బస్తా దింపి నవ్వేవాడు.

ఇప్పుడు తాడు గురించి చెప్పాలి.

మా పేట పజుండౌంగ్‌లో మేడలకి లిఫ్టులుండవు. ప్రతి వరండా నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. చివర ఇనప క్లిప్పు, పైన గంట. పేపరతను పేపరు తగిలించి తాడు గుంజుతాడు, పైవాడు గంట విని లాక్కుంటాడు. కూరగాయలూ, మందులూ, పెళ్ళి శుభలేఖలూ అన్నీ అలాగే ఎక్కుతాయి. నా తాడు అయిదో అంతస్తు నుంచి దిగుతూ మూడో అంతస్తులో ఒక వరండా ముందు నుంచి పోతుంది. ఆ వరండా పిన్నిది.

పిన్ని నాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రేవు కూలీల కుటుంబమే వాళ్ళదీనూ. డెబ్భయ్యెనిమిదేళ్ళు, ఒక్కర్తే ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా మా ఇద్దరి పరిచయమంతా ఆ తాడు మీద తగువే. కోపమొస్తే నన్ను 'సయా' అంటుంది, మాస్టారూ అన్నట్టు. ప్రేమొస్తే 'బావూ' అంటుంది. ఇరవై ఏళ్ళూ నేను సయానే.

"ఓ సయా! నీ తాడు నా సీర మీద తుప్పు మరకేసినాది. సూసినావేటి?"

"చూశాను పిన్నీ. డిజైను బాగుంది."

"నీ మొకంలాగుంది."

ఇలాంటి సంభాషణ వారానికి ఒకటి. మిగతా ఆరు రోజులూ కుర్చీ.

వానలు ముదిరిన నెలలో నాకు జ్వరం వచ్చింది. వీధిలో జనం ఆక్సిజన్ సిలిండర్లు చంకన పెట్టుకుని పరుగెడుతున్న రోజులు. నా థర్మామీటరు నూట మూడు అంది. నా సొంత అంచనా ప్రకారం కొలిమి వేడికి దగ్గర్లో ఉన్నాను. మంచం వరండా వైపు లాక్కుని పడుకున్నాను. పోతే కనీసం తాడు పక్కన పోదామని.

"సయా! దగ్గుతున్నావేటి?" కింద నుంచి పిన్ని.

"లేదు పిన్నీ. గొంతు సవరించుకుంటున్నాను."

"మూడ్రోజుల్నించీ సవరించుకుంతన్నావు. ఏటి, కచేరీ ఉందా?"

దగ్గే జవాబు చెప్పింది. ఆవిడ గొంతు మారింది.

"బావూ, తిండి తిన్నావేటి?"

ఆ మాట వినగానే నాకు జ్వరం ఎంతుందో తెలిసింది. పిన్ని నన్ను బావూ అందంటే కేసు చెయ్యి దాటినట్టే.

"నాకాడ సింతపండు నేదు, ఆవగింజ నేదు. బజారు మూసీసినారు. నీ ఇంట్లో ఏటుంతే అది సంచీలో ఎట్టి దింపీ. చారెట్టి పంపుతాను."

లేచాను. గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. అది నాలుగడుగులు. ఆ రోజు మాండలే దాకా నడిచినంత పని. చేతికందినవన్నీ సంచీలో పడేశాను. ఉప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, అరడబ్బా కందిపప్పు, ఒక అగ్గిపెట్టె. నా పళ్ళ బ్రష్షు కూడా పడేశానని తర్వాత తెలిసింది. అమ్మ సీసా పడేశానని కూడా తర్వాతే తెలిసింది.

సాయంత్రం గంట మోగింది. తాడుకి క్యారేజీ కట్టి ఉంది. రెండు మూరలు లాగడం, కాస్త ఆగడం, మళ్ళీ రెండు మూరలు. అన్నంలో చారు పోసుకుని కూర్చున్నాను. రుచి లేదు. వాసన లేదు. ముక్కూ నాలుకా నాలుగు రోజుల క్రితమే సమ్మెలో చేరాయి. వేడొక్కటే తెలుస్తోంది. నాలుగో ముద్దలో పంటి కింద ఏదో తగిలింది. రాయి అనుకున్నాను. ఉమ్మబోతూ ఒకసారి నాలుక మీద తిప్పాను.

గుండ్రంగా ఉంది. నున్నగా ఉంది. ఈ లోకంలో ఏ రాయీ, ఏ గింజా అంత నున్నగా ఉండదు. పదకొండేళ్ళుగా ఆ గుండ్రాన్ని పట్టకారుతో పట్టుకున్నాను, సూక్ష్మదర్శినిలో చూశాను. నాలుకతో చూడడం అదే మొదలు. గుర్తుపట్టడానికి అరక్షణం పట్టలేదు.

నేను నా పరిశోధనని తింటున్నాను.

కంచం పక్కకి తోసి వరండాలోకి ఎలా పడ్డానో తెలీదు.

"పిన్నీ! ఆ ఆవాలు..."

"ఆ మాటే అడుగుదామనుకున్నాను. ఎప్పటివిరా బావూ అవి? పుచ్చిపోనాయి. నూనిలో ఏసి నిలబడ్డాను, నిలబడ్డాను. ఒక్కటీ సిట్లనేదు. ఇంకాసిన్ని ఏసినాను. నూని పొగొచ్చి మూకుడు మాడిపోనాది గాని అవి పలకవు."

చావు ముంచుకొస్తున్న మనిషికి అలాంటి బుద్ధి పుట్టకూడదు గాని, నాకు పుట్టింది.

"ఒక్కటీ చిట్లలేదా?"

"ఒక్కటీ."

పదకొండేళ్ళలో నా పని గురించి నేను విన్న మంచి మాట అదే. పదమూడు వందల డిగ్రీల్లో పుట్టిన గుళ్ళకి పిన్ని మూకుట్లో చలేసి ఉంటుంది. అయినా సంతోషించాను. ఆ తర్వాతే మిగతావి గుర్తొచ్చాయి.

"మిగతావి ఏవి పిన్నీ?"

"పుచ్చినవి ఏటి సేసుకుంతాను? పావురాలకేసినాను."

"తిన్నాయా?"

"ముక్కుతో పొడిసి ఒగ్గీసినాయి. నీకంటే వాటికే బుద్దుంది."

అవేమిటో ఆవిడకి చెప్పాలి. కేకేసి చెబుదామంటే కింద టీకొట్టులో ఒక మనిషి పొద్దస్తమానం ఖాళీ కప్పు ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఎవరి మనిషో వీధందరికీ తెలుసు. ఆ రోజుల్లో వరండాలోంచి 'అణు' అని అరవడమంటే మెడలో పలక కట్టుకుని ఫొటో దిగడమే. కాగితం మీద రాసి క్లిప్పుకి పెట్టి దింపాను.

ఒక చిన్న సంగతి మర్చిపోయాను. పిన్ని మూడో తరగతి చదివింది. ఆ చదువులో ఆవిడకి పట్టుబడింది పైకి చదవడం ఒక్కటే. మనసులో చదువుకోవడం నాలుగో తరగతిలో నేర్పేవారు కాబోలు. నిలబడి, గొంతెత్తి, కూడబలుక్కుంటూ, మా తెలుగువాళ్ళ బడిలో నేర్పిన రాగంతో వీధి మొత్తానికీ చదివింది.

"పిన్నీ... అవి... ఆవాలు... కావు. అణు... ఇంధనం... గుళికల... లాంటివి. పింగాణీ గుళ్ళ మీద... కర్బనం... పూత పూశాను. పదకొండేళ్ళ... పని. ఒక చెంచాడు... దొరికితే చాలు. ఎవ్వరికీ... చెప్పకు."

టీకొట్టు మనిషి తలెత్తాడు. తెలుగు రాకపోవడం ఒక మనిషిని అంత అందంగా చూపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది. పిన్ని వాడి వంక చూసి, మందుల చీటీ అని బర్మీస్‌లో చెప్పి, నా వైపు తిరిగింది.

"అయితే సయా, పదకొండేళ్ళూ నువ్వు టై కట్టుకుని ఎళ్ళి సేసిన పని ఆవాలకి మసి రాయడమా?"

"ఒక రకంగా అంతే పిన్నీ."



"బాగానే రాసినావులే. మూకుడు మాడినాది గాని అవి మాడనేదు. లోపలేటుంది?"

ఇంట్లో గాని వీధిలో గాని ఆ ప్రశ్న నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. జ్వరంతో, దగ్గుతో, రెండంతస్తుల కిందకి నేను పాఠం చెప్పాను. లోపలి గింజ ఉబ్బితే చోటివ్వడానికి ముందు మెత్తటి పొర, అది బయటపడకుండా పైన గట్టి పొర అన్నాను. ఆవిడ ఆరేసిన చీరల మధ్యలోంచి తల బయటపెట్టి పూర్తిగా విన్నది.

"మరి ఆ మెత్తదనం నీకేదీ? ఇరవయ్యేళ్ళనించీ నా నెత్తి మీద ఉన్నావు. ఒక్కనాడు గుమ్మం తొక్కినావేటి?"

నాకు దగ్గు వచ్చింది. నిజంగానే వచ్చింది.

మర్నాడు పొద్దున్న గంట మోగింది. క్లిప్పుకి పాత క్యాలెండరు కాగితంతో కట్టిన చిన్న పొట్లం. లోపల పదిహేడు గుళ్ళు. "కిటికీ గట్టు మీదియి," అని కేక. ఆ మర్నాడు తులసి కుండీ మట్టిలోవి. ఆ మర్నాడు మూకుడు అడుగు గోకితే వచ్చినవి. చేటలో పోసి, చెరిగి, కళ్ళజోడు లేకుండా వేళ్ళతో తడిమి ఏరేది. తక్కినవాటికంటే బరువుంటాయి కాబట్టి వేళ్ళకి తెలుస్తాయట.

"ఒక పావురం రెండు మింగీసినాది బావూ. దాని ఎనకాల తిరగతన్నాను."

ఆ పావురం ఆ సాయంత్రమే నది దాటి దలా వైపు ఎగిరిపోయింది. ఆసియా ఖండంలో తొలి అణుపక్షి అది. దాని మీద ఎవరూ వ్యాసం రాయకపోవడం విజ్ఞానశాస్త్రానికి జరిగిన అన్యాయం.

నేను పొట్లం విప్పి, గుళ్ళని చేతులకి రాసుకునే సారాలో కడిగి, ఆరబెట్టి, చెంచాలో వేసి చూసుకునేవాణ్ణి. చెంచా అడుగు నిండింది. పావు అయింది. ఈలోగా జ్వరం దిగింది. నీరసం మిగిలింది. ముక్కు మాత్రం ఇంకా సమ్మె విరమించలేదు. పొట్లం వచ్చినప్పుడల్లా మాటలుండేవి. ఇవాళ ఎన్ని, ఎక్కడ దొరికాయి, అన్నం తిన్నావా, నీ తాడు నా జాకెట్టుకి తగిలింది. కుర్చీతో మాట్లాడడం ఎప్పుడు మానేశానో గుర్తులేదు. కుర్చీకి గుర్తుండొచ్చు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి సయామకి ఫోను కలిసింది. జరిగిందంతా చెప్పాను. పగలబడి నవ్వింది. ఆ నవ్వులో కూడా దగ్గు వినపడింది.

"చెంచాడు ఎందుకండీ? నేను కోసేది పది."

"మీరే కదా చెంచాడన్నారు!"

"పది అంటే మీరు తొమ్మిది తెస్తారని చెంచాడన్నాను."

నా దగ్గర అప్పటికే రెండువందలకి పైన ఉన్నాయి. మరి సంతకం మాటేమిటని అడిగాను.

"ఏ కాగితం మీద పెట్టను? నాకిప్పుడు కుర్చీ లేదు, ముద్ర లేదు. నా సంతకం ఎక్కడా చెల్లదు." మళ్ళీ తనే అంది: "గుళ్ళు మాత్రం ఉంచండి. ఏదో ఒకరోజు కోసి చూద్దాం. నాకు చూడాలనుంది."

ఫోను పెట్టేశాను. చెంచా వైపు చూస్తూ కూర్చున్నాను. కావలసినవి ఎప్పుడో దొరికాయి. దొరికినవాటికి పట్టా ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. పదకొండేళ్ళ లెక్క పది నిమిషాల ఫోనులో అయిపోయింది. పిన్నికి "చాలు, ఇంక ఏరకు" అని చెప్పెయ్యాలి. డెబ్భయ్యెనిమిదేళ్ళ మనిషి నడుం వంచి నేలంతా తడుముతోంది. చెప్పడం ధర్మం.

మర్నాడు గంట మోగింది.

"దొరికినాయి సయా! తలుపు సందులోయి. ఇంకా కావాలేటి?"

"చెంచా నిండలేదు పిన్నీ," అన్నాను.

అలా ఇంకో పదిహేను రోజులు అబద్ధమాడాను. రోజూ పొట్లం వచ్చేది. కడగడం మానేశాను, అలాగే విప్పకుండా ఒక గిన్నెలో పడేసేవాణ్ణి. పొట్లం నాకు కావలసిన సరుకే కాదు. గంట మోగడం కావాలి.

ఒక పొద్దున్న వచ్చిన పొట్లం అరిచేతిలో పెట్టుకుంటే ఏదో తేడాగా అనిపించింది. తేలికగా ఉంది. పదకొండేళ్ళు ఆ గుళ్ళని ఎత్తిన చెయ్యి పొరబడదు. విప్పి చూశాను. నల్లగా, గుండ్రంగా ఉన్నాయి. వెలుతురులో పెట్టాను. మెరుపు అంతగా లేదు. అనుమానం తీర్చుకోడానికి శాస్త్రవేత్తలకి వెయ్యి పరీక్షలుంటాయి. నాకు ఒకటే గుర్తొచ్చింది. పొయ్యి వెలిగించి, మూకుట్లో రెండు చెంచాల నూనె పోసి, కాగాక పొట్లం ఒంపాను.

క్షణం ఏమీ లేదు. తర్వాత ఒకటి చిట్లింది. తర్వాత రెండు. తర్వాత మూకుడంతా చిటపటమని ఎగిరిపడింది.

ఒక్క గుండూ లేదు. అన్నీ ఆవాలే.

అప్పుడు ముక్కులోకి ఒక ఘాటు వచ్చింది. నెలన్నరగా నాకు ఏ వాసనా తెలీదు. సబ్బుకీ చెమటకీ తేడా లేకుండా బతికాను. మొట్టమొదట తిరిగొచ్చింది ఆవాల పోపు. మూకుడు పక్కన నిలబడి ఊపిరి పీల్చాను. కళ్ళు మండాయి. పొగ అనుకోండి.

గిన్నెలో పడేసిన పాత పొట్లాలన్నీ విప్పి చెంచా అడుగుతో నొక్కి చూశాను. నా గుళ్ళయితే నలగవు. దాదాపు అన్నీ నలిగాయి. ఎన్నాళ్ళ నుంచి ఇలా పంపుతోందో! గుళ్ళు ఎప్పుడో అయిపోయాయి. అసలు ఆవగింజ లేదని నా ఇంట్లోంచి దింపమన్న మనిషి, ఇన్ని ఆవాలు ఎక్కడ తెచ్చింది? కాలువ పక్క కొట్టు మళ్ళీ తెరిచారని విన్నాను. మూడంతస్తులు దిగి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, సిలిండర్ల వరసల పక్క నుంచి నడిచి, ఒక మనిషికి మసిపూసిన ఆవాలు దొరికాయని నమ్మించడానికి ఆవాలు కొనుక్కొచ్చింది.

"సయా! ఏటా చిటపటలు?" కింద నుంచి.

"వాన పిన్నీ."

"ఇక్కడ పడనేదే?"

"నా వంటింట్లో పడుతోంది."

ఆ పోపులో చింతపండు పులుసు పోసి, ఉప్పేసి, మరిగించాను. నా జీవితంలో ఇంకొకరి కోసం చేసిన మొదటి చారు. ఉప్పు రెండుసార్లు వేశానని రుచి చూసుకున్నాకే తెలిసింది. నాలుక కూడా తిరిగొచ్చిందన్నమాట. పిన్ని క్యారేజీలోనే పోసి, తాడుకి కట్టి, మెల్లిగా దింపాను. మూడో అంతస్తు దగ్గర ఆపాను. గాజుల చెయ్యి ఒకటి బయటికొచ్చి క్యారేజీ అందుకుంది.

తాడు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. చెంచా చప్పుడు వినిపించింది. ఒకసారి. ఇంకోసారి.

"ఉప్పు మీరినాది."

"అవును పిన్నీ."

"పోపు బాగుంది." చెంచా మళ్ళీ చప్పుడైంది. "ఆవాలెక్కడియి నీకు?"

"చెంచాలో మిగిలినవి."

"ఊఁ."

కింద చీరలు కదిలాయి. ఖాళీ క్యారేజీ తాడుకి తగిలించిన బరువు చేతికి తెలిసింది. లాగబోతుంటే గంట ఇంకోసారి మోగింది.

"రేపు కూడా దొరుకుతాయేమో సూత్తాను బావూ," అంది పిన్ని.